మాత్ర పనిచేసే వేళ

మనుషుల నడకను కొలవడం నా వృత్తి. ఇంత చిన్న పనిని ఇంత పెద్ద మాటల్లో చెప్పుకుని బతికేవాళ్ళు మాలాగా మరెవరూ ఉండరనుకుంటాను. "దీర్ఘకాలిక వ్యాధిగ్రస్తుల శారీరక సామర్థ్యం" అని మా పరిశోధనకు పేరు పెట్టుకున్నాం. అసలు పని ఇదీ: పేషెంటును కుర్చీలోంచి లేవమంటాం. నేల మీద అంటించిన ఎర్ర టేపు దాకా నడవమంటాం. వెనక్కి తిరిగి వచ్చి కూర్చోమంటాం. పక్కన ఒకడు స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడతాడు. ఆ ఒకణ్ణి నేను. అందుకు నాకు డాక్టరేట్ ఇచ్చారు.

మా ఫిజియోథెరపీ కాలేజీ పంజాగుట్టలో ఒక చీరల దుకాణం పైన, రెండంతస్తుల్లో ఉండేది. లిఫ్టు కింది దుకాణం వాళ్ళది. వాళ్ళ సరుకు ఎక్కుతున్నంతసేపూ పక్షవాతం వచ్చినవాళ్ళు, మోకాళ్ళు అరిగినవాళ్ళు మెట్ల దగ్గర గోడకి ఆనుకుని నిలబడేవారు. కొందరు విసుగెత్తి వెళ్ళిపోయేవారు. వాళ్ళని మేము డ్రాపవుట్లు అనేవాళ్ళం. నడవలేనివాళ్ళ గురించి చదవడానికి పెట్టిన చోటికి నడిచి రాలేకపోవడం వాళ్ళ నిర్లక్ష్యమే అన్నట్టు మాట్లాడుకునేవాళ్ళం. టీ తాగుతూ ఆ మాట అందరికంటే ఎక్కువసార్లు అన్నది నేనే.

అప్పట్లో పేషెంట్లంటే నాకు చులకన. ఎదుట వణుకుతూ కూర్చున్న మనిషిని చూస్తే జాలి కలిగేది కాదు, కంప్యూటర్లో ఇంకో గడి నిండుతుందన్న తృప్తి కలిగేది. వాళ్ళు ఊరి సంగతులో, మనవడి సంగతులో మొదలుపెడితే "మాట్లాడకుండా నడవండమ్మా" అనేవాణ్ణి. మాట్లాడితే టైము పెరుగుతుంది. మా గైడు నాకంటే ఘనుడు. పేషెంటు మొహం చూసి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. నా క్యాబిన్ తలుపు దగ్గర నిలబడి, లోపలికి రాకుండానే అనేవాడు: "ఇంప్రూవ్‌మెంట్ కనబడాలె తమ్మీ. కనబడకపోతే గీ పేపర్ ఎవడు ఏస్తడు?" ఆయన వెనక నేను ఆయన్ని వెక్కిరించేవాణ్ణి. ఎదుట మాత్రం "కనబడుతుంది సార్" అనేవాణ్ణి.

మేము ఎంచుకున్న జబ్బు పార్కిన్సన్స్. అందులో చేతులు వణకడం అందరికీ తెలిసిన సంగతే. నడక సంగతి చాలామందికి తెలియదు. ఉన్నట్టుండి పాదాలు నేలకు అతుక్కుపోతాయి. మనిషి ముందుకు పోవాలనే అనుకుంటాడు, కాళ్ళు కదలవు. గుమ్మాల దగ్గర, ఇరుకు చోట్ల, పక్కవాళ్ళు తొందరపెట్టినప్పుడు మరీ ఎక్కువ. మాత్ర వేసుకున్న కాసేపటికి కాళ్ళు వదులవుతాయి. కొంతసేపు చక్కగా నడుస్తారు. మాత్ర బలం తగ్గగానే మళ్ళీ మొదటికి వస్తుంది. అందుకని మేమొక నియమం పెట్టాం. ప్రతి పేషెంటూ మాత్ర వేసుకుని, అది బాగా పనిచేస్తున్న వేళకే పరీక్షకి రావాలి. అందరినీ ఒకే స్థితిలో కొలవాలి కనుక ఆ నియమంలో తప్పేమీ లేదు. తప్పంతా ఆ తర్వాత మేము చేసే పనిలో ఉంది. ఆ కాస్త మంచి వేళలో కొలిచినదాన్ని పట్టుకుని, ఈ మనిషి ఇంత చేయగలడు అని తేల్చేసేవాళ్ళం. మిగతా రోజంతా ఆ మనిషి ఎక్కడుంటాడో, ఏ గుమ్మంలో ఇరుక్కుపోయి ఉంటాడో మాకు అక్కర్లేదు.

మధురానగర్‌లో ఆడపిల్లల హాస్టల్ నడిపే ఆవిడ మా దగ్గరికి వచ్చింది అలాంటి రోజుల్లోనే. సొంతూరు భీమవరం వైపు. భర్త పోయాక ఇక్కడ ఒక భవనం అద్దెకు తీసుకుని, అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు వండిపెడుతూ నిలదొక్కుకుంది. ఒక్కతే కూతురు. బేగంపేటలో బ్యాంకు ఉద్యోగం, అక్కడే ఫ్లాటు. తల్లికి జబ్బు బయటపడిన దగ్గర్నుంచి హాస్టల్ మూసేసి తన దగ్గరికి వచ్చేయమని కూతురి పట్టు. రానని తల్లి పట్టు.

"మా అమ్మాయికి చెప్పడానికి ఒక మాట కావాలి డాక్టరు గారూ," అంది మొదటి రోజే. "నా పని నేను చేసుకోగలనని మీలాంటివాళ్ళు చెబితే అది ఊరుకుంటుంది. హాస్టల్ లేకపోతే నేను ఏంటి చెప్పండి?"

నేను డాక్టర్ని కాదని చెప్పలేదు. ఆ పిలుపు నాకు ఇష్టం. కుర్చీ చూపించి, టేపు చూపించి, ఏం చేయాలో చెప్పాను.

"పాసు మార్కులు ఎంత?" అంది.

"ఇది పరీక్ష కాదమ్మా."

"గడియారం పట్టుకుని నెత్తిమీద నిలబడి పరీక్ష కాదంటారేంటి? మా హాస్టల్ పిల్లలకి చెప్పండి ఆ మాట, నవ్విపోతారు."

అమీర్‌పేట పిల్లల మధ్య అన్నేళ్ళు గడిపిన మనిషికి పరీక్ష గురించి మేము చెప్పేదేముంది? ఇంటర్వ్యూలో అడగబోయే ప్రశ్నలు ముందే తెలుసుకుని, జవాబులు బట్టీ పట్టి, ఉద్యోగం కొట్టి, స్వీటు ప్యాకెట్టుతో వచ్చి కాళ్ళకు దండం పెట్టిన పిల్లల్ని ఎంతమందిని చూసిందో. మేము ప్రశ్నపత్రం ముందే చేతిలో పెట్టాం. ఆవిడ ఇంటికి పోయి చదువుకుంది. స్టేషనరీ షాపులో ఎర్ర టేపు కొని హాస్టల్ హాల్లో అంటించింది. మా కుర్చీ ఎత్తులో ఉన్న కుర్చీ వెతికి పెట్టుకుంది. సాయంత్రాలు, మాత్ర పనిచేసే వేళ చూసి, పిల్లల చేత ఫోన్లో టైము పెట్టించుకుని లేచి నడిచేది, తిరిగొచ్చి కూర్చునేది. రెండోసారి వచ్చినప్పుడు ఈ సంగతంతా గర్వంగా చెప్పింది.

"టేపు కూడా మీ రంగుదే కొన్నాను. నిన్న మా పిల్లలు ఫస్టు క్లాసు అన్నారు."

ఆ మాట విన్నాక ఆవిడ లెక్కను పక్కన పెట్టాలి. పరీక్షను బట్టీ పట్టిన మనిషికి పరీక్షే బాగా వస్తుంది, బతుకు బాగుపడిందని అర్థం కాదు. మొదటి సంవత్సరం విద్యార్థికి కూడా తెలిసిన సంగతి ఇది. నేను "చాలా మంచి పని చేశారమ్మా" అన్నాను. అంతటితో ఆగలేదు. మిగతా పేషెంట్లకీ ఇంటి దగ్గర అలాగే చేయమని చెప్పడం మొదలుపెట్టాను. అమీర్‌పేట మైత్రీవనం ముందు ఒకదాని మీద ఒకటి వేలాడే కోచింగ్ బోర్డుల్ని చూసి చులకనగా నవ్వుకుంటూ పోయేవాణ్ణి నేను. వాళ్ళు కనీసం బోర్డు పెట్టి మరీ చేస్తున్నారు.

అందరి టైములూ తగ్గాయి. గైడు నా భుజం తట్టాడు. "మస్తు చేసినవ్ తమ్మీ," అన్నాడు.

కొద్దిరోజులకు ఆవిడ కూతురు ఫోన్ చేసింది. మర్యాదగా, భయంభయంగా మాట్లాడింది.

"అమ్మ మీ గురించి చాలా చెబుతుందండీ. ఒక్క మాట అడగాలని. అమ్మ ఒంటరిగా అక్కడ నెట్టుకురాగలదంటారా? నేను మరీ కంగారుపడుతున్నానా?"

నా ముందు కంప్యూటర్లో ఆవిడ అంకె మెరిసిపోతోంది. "మా పరీక్షలో అందరికంటే బాగా చేస్తున్నది మీ అమ్మగారేనండీ. మీరు దిగులు పడక్కర్లేదు," అన్నాను. ఆ అమ్మాయి అడిగింది ఒకటి, నేను చెప్పింది ఇంకొకటి. అవతల పెద్దగా నిట్టూర్పు వినబడింది. "థాంక్సండీ. ఇక నేను అమ్మని విసిగించను," అంది. ఫోన్ పెట్టేశాక నాకు చాలా గొప్పగా అనిపించింది. సిగ్గుపడి చెబుతున్నాను, ఒక కుటుంబానికి మేలు చేశాననే అనుకున్నాను.

ఆ తర్వాత గైడుకి సెమినార్ పిచ్చి పట్టింది. సోమాజిగూడలో హాలు బుక్ చేశాడు. ముఖ్య అతిథిగా ఒక పెద్దాయన్ని పిలిచాడు. "ఉట్టి స్లైడ్లు ఎవరు చూస్తరు? గా హాస్టలామెను స్టేజ్ మీద నడిపిద్దాం. వాళ్ళ బిడ్డను గూడ పిలువు, ముందు వరుసల కూసోబెట్టు. ఫొటో మంచిగొస్తది," అన్నాడు. నేను లోలోపల అసహ్యించుకున్నాను. అసహ్యించుకుంటూనే ఆహ్వాన పత్రిక పట్టుకుని, కాలేజీకి పోయే ముందు ఇచ్చేద్దామని పొద్దున్నే మధురానగర్ వెళ్ళాను.

హాస్టల్లో టిఫిన్ల హడావిడి. పిల్లలు తడి జుట్లతో ప్లేట్లు పట్టుకుని వంటింటి ముందు మూగి ఉన్నారు. ఆ గుమ్మం సగం ఫ్రిజ్ ఆక్రమించింది. మిగిలిన సందులో ఆవిడ నిలబడి ఉంది, చేతిలో చట్నీ గిన్నెతో. అడుగు పడటం లేదు. మడమలు లేచి వణుకుతున్నాయి, పాదాలు మాత్రం నేలను వదలడం లేదు. పిల్లలు స్తంభాన్ని చుట్టివెళ్ళినట్టు పక్కనుంచి దూరి ఇడ్లీ వేసుకుంటున్నారు.

"ఆంటీ హ్యాంగయ్యింది. జర అటునుంచి పోవే," అంది ఒక పిల్ల.

"రీస్టార్ట్ అయితదిలే. ఆంటీ, కారప్పొడి ఎక్కడుంది?"

"రీస్టార్టు నీ మొహం. కళ్ళెదురుగా డబ్బా పెట్టుకుని నన్నడుగుతావేంటే," అంది ఆవిడ, ఉన్నచోటు నుంచి కదలకుండానే. పిల్లలు నవ్వారు. ఆవిడా నవ్వింది. అప్పుడు నన్ను చూసింది. నవ్వు పోయింది.

నేను గిన్నె అందుకుని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాను. రోజూ పొద్దున ఇంతేనని, రాత్రి మాత్ర బలం తెల్లారేసరికి పోతుందని, పొద్దుటి మాత్ర పనిచేయడం మొదలయ్యేలోపే పిల్లలు తిని క్లాసులకు పోవాలని, ఆ వేళకే వంటింట్లో ఉండక తప్పదని చెప్పింది. ఒకసారి వేడి సాంబారుతో నిలబడిపోయిందట. చెయ్యి చూపించింది. కాలిన మచ్చ మానుతోంది.

"ఎనిమిది దాటాక రా నాయనా. అప్పుడు పాసవుతాను," అంది. నన్ను నాయనా అని పిలవడం అదే మొదటిసారి. తర్వాత గొంతు తగ్గించింది. "మా అమ్మాయికి చెప్పకు."

చెప్పనన్నాను. ఆవిడ మీద దయతో అన్నాననుకున్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా మనసులో ఉన్నది సెమినార్. కూతురికి తెలిస్తే తల్లిని స్టేజ్ ఎక్కనివ్వదు. ఎక్కకపోతే గైడు దగ్గర నా పరువు పోతుంది. కాలిన చెయ్యిని చూస్తూనే నేను లెక్క వేసుకున్నది మాత్ర ఎప్పుడు వేసుకుంటే మా వంతుకు సరిగ్గా పనిచేస్తుందని. ఫలానా వేళకు వేసుకోండని చెప్పి వచ్చాను.

సెమినార్ రోజున ఆవిడ పట్టుచీర కట్టుకుని, చెప్పిన వేళకు మాత్ర వేసుకుని, కార్లో దిగి, మా అందరి ముందూ చకచకా నడిచి వెళ్ళి ముందు వరుసలో కూర్చుంది. గైడు మురిసిపోయాడు. నేను ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగాను. ఇక్కడ సభలు ఎలా జరుగుతాయో నాకు తెలియనిది కాదు. అయినా ఆహ్వానంలో అచ్చు వేసిన టైమును నమ్మి ఒక మనిషికి మాత్ర వేయించాను. అంతటి పండితుణ్ణి.

ముఖ్య అతిథి రాలేదు. ఆయన లేకుండా జ్యోతి వెలిగించకూడదు. జ్యోతి వెలగకుండా సభ మొదలుకాకూడదు. "పెద్దాయన బేగంపేట ఫ్లైఓవర్ ఎక్కిండట, వస్తుండు," అని గైడు తలుపు దగ్గరికీ స్టేజ్ దగ్గరికీ తిరుగుతున్నాడు. వడలు పంచారు. ఆయన వచ్చాక బొకేలు. బొకేల తర్వాత శాలువాలు. శాలువా కప్పించుకున్న ప్రతివాడూ మైకు పట్టుకున్నాడు. నడక ఆరోగ్యానికి మంచిదని ముఖ్య అతిథి చాలాసేపు చెప్పాడు. డాక్టర్లు, ప్రొఫెసర్లు, మేము, అందరం తలలూపాం.

"నాయనా, ఇంకా ఎంతసేపు?" అని ఆవిడ అడిగింది.

"ఐదు నిమిషాలమ్మా."

మళ్ళీ పిలిచింది. ఈసారి చెయ్యి ఒళ్ళో వణుకుతోంది. "దిగిపోతోంది," అంది.

"ఇంకో మాత్ర వేసుకోండి." మందు విషయంలో నోరెత్తే హక్కు నాకు లేదు.

"వేసుకుంటే మాత్రం? అది పనిచేసేసరికి మీ సభ అయిపోతుంది." నా వైపు చూసింది. "ఇవ్వాళ వద్దని మీ సారుతో చెప్పు."

గైడు అప్పటికే మైకు అందుకున్నాడు. నేను వెళ్ళి ఆయన చెవిలో చెప్పి ఉండాల్సింది. నాలుగడుగుల దూరం. నేనే కదలలేదు. నాకు ఏ జబ్బూ లేదు.

ఇద్దరు విద్యార్థులు పట్టుకుని స్టేజ్ ఎక్కించారు. కుర్చీలో కూర్చోబెట్టి వదిలేశారు. లేచింది. ఒక అడుగు వేసింది. ఎదురుగా మైకు వైరు, శాలువాల కవర్లు, పూల రేకులు. నిలబడిపోయింది.

"మేడమ్‌కు జర స్టేజ్ ఫియర్," అన్నాడు గైడు. "అందరూ చప్పట్లు కొట్టుండ్రి."

కొట్టారు. చప్పట్లు పెరిగినకొద్దీ ఆవిడ మరింత బిగుసుకుపోయింది. ఒళ్ళు ముందుకు వాలుతోంది, కాళ్ళు రావడం లేదు. నా చేతిలో స్టాప్‌వాచ్ నడుస్తూనే ఉంది. ముందు వరుసలోంచి కూతురు లేచి స్టేజ్ మీదికి పరుగెత్తింది. "వదలవే, నేనే వస్తాను," అని తల్లి అంటోంది. కూతురు వదల్లేదు.

బయట వరండాలో ముగ్గురమే ఉన్నాం. గైడు ఒకసారి వచ్చి, "గాయన లేట్ చేసిండు, మనదేం తప్పుంది? మన డేటా మనకున్నది," అని నా చెవిలో చెప్పి భోజనాల వైపు పోయాడు.

"ఫోన్లో మీరు నాతో ఏం చెప్పారండీ?" అంది కూతురు.

"మాత్ర పనిచేసేటప్పుడు ఎలా ఉంటారో చెప్పాను."

"నేను అడిగింది అదా?"

"కాదు."

"ఇలా ఉంటుందని మీకు తెలుసా?"

తెలుసన్నాను. పొద్దుటిపూట సంగతి, గుమ్మం సంగతి, సాంబారు సంగతి చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆవిడ నన్నే చూస్తోంది. కూతురు తల్లి చేతి మచ్చ తడిమి చూసి ఏడ్చింది. ఆయిల్ చిందిందని చెప్పిందట తల్లి.

"మీరే కదమ్మా చెప్పొద్దన్నారు," అన్నాను. ఆ క్షణంలో కూడా నాకు కావలసింది నేను తప్పించుకోవడమే.

"అన్నాను. అంటాను కూడా," అంది ఆవిడ. "హాస్టల్లో పిల్లలు రోజూ అంటారు, ఇంట్లో చెప్పొద్దాంటీ అని. అనకపోతే వాళ్ళు పిల్లలెందుకవుతారు? చెప్పాల్సింది వాళ్ళమ్మలకి నేను ఫోన్ చేసి చెప్పేదాన్ని. ఇది ఫోన్లో అడిగిన రోజే, మాత్ర పనిచేయని పూట కుదరదని నువ్వు అనుంటే, పొద్దుటి వంటకి ఒక మనిషిని పెట్టుకునేదాన్ని. దీన్ని ఒప్పించేదాన్ని. ఇప్పుడిది ఒప్పుకుంటుందా?"

ఒప్పుకోలేదు. నేను మధ్యలో పడి అదే చెప్పి చూశాను. పొద్దున వంటమనిషి ఉంటే చాలని, ఫ్రిజ్ జరిపితే గుమ్మం వెడల్పవుతుందని, మిగతా పూటలన్నీ ఆవిడే చూసుకోగలదని. అది నా జీవితంలో ఒక పేషెంటు గురించి నేను చెప్పిన మొదటి నిజమైన అంచనా. కూతురు పూర్తిగా వినలేదు. "మీ మాట ఒకసారి నమ్మానండీ," అంది అంతే. ఆ అమ్మాయిని తప్పుపట్టను. నెలాఖరుకల్లా పిల్లల్ని వేరే హాస్టళ్ళు చూసుకోమన్నారు. బోర్డు దించేశారు.

మా వ్యాసం అచ్చయింది. మెరుగుపడినవారి లెక్కలో ఆవిడ ఉంది. తీసేద్దామని అచ్చుకు పంపేముందే గైడుని అడిగాను. "ఎందుకు? మనం కొలిచిన రోజు మంచిగనే నడిచింది కదా," అన్నాడు. రెండోసారి అడగలేదు. గైడు నీచుడని చెప్పడం నాకు సులువు. పేరు మాత్రం వ్యాసంలో ముందు నాది, తర్వాత ఆయనది. ఇప్పుడు నేను పేషెంట్ల ఇళ్ళకి పొద్దున్నే, మాత్ర వేయకముందే వెళ్ళి, వాళ్ళు అసలు దాటాల్సిన గుమ్మాలేవో చూస్తున్నాను. ఇది మంచితనం కాదు. మొదటి రోజు నుంచీ చేయాల్సిన పని.

చాలా రోజులు తటపటాయించి బేగంపేట వెళ్ళాను. ఆవిడే తలుపు తీసింది. ఫ్లాటులో గుమ్మాలు వెడల్పు, నేల నున్నగా ఉంది, అడ్డంగా ఒక్క సామాను లేదు. కూతురు అన్నీ జరిపించి పెట్టింది. మాత్ర వేళ కాకపోయినా బాగానే నడిచి వచ్చి సోఫాలో కూర్చుంది. పనిమనిషి కాఫీ తెచ్చింది. ఆవిడ దాని వైపు చూసి, డికాక్షన్ పలచనైందంది. క్షమించమని అడగాలని వెళ్ళాను. అడిగాను.

"సర్లే," అంది. ఆ మాట తీసి పక్కన పెట్టినట్టు అంది. కాసేపు టీవీ వైపు చూసింది. టీవీ కట్టేసి ఉంది.

"మా పిల్లలు ఎక్కడ తింటున్నారో ఎప్పుడైనా కనుక్కున్నావా? ఆ కారప్పొడి పిల్లకి బయట తిండి పడదు."

కనుక్కోలేదని చెప్పాను.